ఓరుగల్లులో రాజుగారి ఇల్లు ఎక్కడ?

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మర్నాటి ఓరుగల్లు (వరంగల్) కోట నడకకు ముందు మాటగా ఏర్పాటు చేసింది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుస కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక నిలబడ్డ పిల్లలు వచ్చి కూర్చోండి. భయపడకండి, నేనేమీ ప్రశ్నలు అడగను. బడిలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అడిగీ అడిగీ ఆ సరదా తీరిపోయింది. ఇప్పుడు మీరు అడగాలి, నేను చెప్పాలి. ఫ్యాను కొంచెం తగ్గిస్తారా? ఆఁ, ఇప్పుడు వినిపిస్తోందా అమ్మా వెనక?

పిల్లలను కోటకు తీసుకుపోయిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తోరణాలు చూస్తారు, ఫోటోలు దిగుతారు, రాళ్ల మధ్య కాసేపు ఉరుకుతారు. తర్వాత ఎవడో ఒకడు వచ్చి నా చొక్కా పట్టుకుని లాగుతాడు. "సార్, మరి రాజుగారి ఇల్లు ఎక్కడ సార్?" అంటాడు. ఏ ఏడాదైనా ఇదే. పిల్లవాడు మారతాడు, ప్రశ్న మారదు. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లకూ అదే సందేహం. అడగడానికి మొహమాటపడతారు, అంతే.

మంచి ప్రశ్న. రాజధాని అన్నాక రాజు ఉండాలి, రాజు అన్నాక ఇల్లుండాలి కదా. గోల్కొండలో ఉంది, చంద్రగిరిలో ఉంది. ఓరుగల్లులో ఎక్కడుంది? గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఈ ముగ్గురు కాకతీయులూ కలిసి 1199 నుంచి 1323 దాకా, అంటే 124 ఏళ్లు ఏలారు. వాళ్లు పడుకున్న గది ఇదీ అని, భోంచేసిన వసారా ఇదీ అని చూపించే గోడ ఒక్కటి లేదు. ఖుష్ మహల్ ఉంది కదా సార్ అంటారు. ఉంది, చాలా అందంగా ఉంది. ఆ ఏటవాలు గోడలు చూడండి, లోపలి కొనదేలిన కమానులు చూడండి. అది కాకతీయుల కట్టడం కాదు. ఢిల్లీ సుల్తానులైన తుగ్లకుల కాలపుదని కొందరు, ఆ తర్వాతెప్పుడో ఓరుగల్లును పట్టుకున్న షితాబ్ ఖాన్ కట్టించాడని కొందరు అంటారు. ఎవరిదైనా కానీ, ప్రతాపరుద్రుడు మాత్రం దాని గడప తొక్కలేదు.

మరి ఆ ఇల్లు ఏమైంది? దీనికి సగం జవాబు తేలికే. మన దగ్గర ఆ రోజుల్లో రాజు ఎంత గొప్పవాడైనా ఇల్లు మాత్రం కర్ర, ఇటుక, మట్టి, సున్నంతోనే. రాయి ఎవరికి? దేవుడికి. మనుషులు ఉండే ఇల్లు కాలుతుంది, కూలుతుంది, మళ్లీ కడతారు. దేవుడి ఇల్లు అలా కాదు, ఆచంద్రతారార్కం ఉండాలి. శాసనాల చివర ఈ మాట చదివే ఉంటారు. సూర్యుడు, చంద్రుడు, చుక్కలు ఉన్నంత కాలం అని.

మిగతా సగం జవాబు కోసమే ఈ సాయంత్రం.

రేపు కోటలోకి పోయాక ఒక పని చేయండి. తూర్పు తోరణం కింద నిలబడి ఎదురుగా చూడండి. పడమటి తోరణం కనిపిస్తుంది. అలాగే ఉత్తరం నుంచి దక్షిణానికి చూడండి. రెండు చూపులూ ఒకచోట కలుస్తాయి. ఆ కలిసిన చోట ఏముంది? రాళ్లు. విరిగిన స్తంభాలు, దూలాలు, చూరు రాళ్లు, నందులు, పువ్వులు చెక్కిన పలకలు. సంతలో సరుకు పరిచినట్టు పరిచి ఉంటాయి. అక్కడ స్వయంభూదేవుడి గుడి ఉండేది. కాకతీయుల రాజ్యానికి ఇలవేల్పు ఆ శివుడు. నాలుగు దిక్కులకు నాలుగు ముఖాలున్న లింగం.

ఇప్పుడు కొంచెం వెనక్కి జరిగి కోట మొత్తాన్ని మనసులో చూడండి. గుండ్రటి రాతికోట, దానికి 45 బురుజులు. దాని బయట కందకం. ఇంకా బయట మట్టికోట. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు దర్వాజాలు. ఆ దర్వాజాల్లోంచి వచ్చే దారులు ఎక్కడికి పోతాయి? రాజు ఇంటికి కాదు. నేరుగా ఆ నాలుగు ముఖాల దేవుడి దగ్గరికి. ఊరు మొత్తం చక్రంలా గీస్తే, ఆ చక్రానికి ఇరుసు దగ్గర దేవుణ్ణి కూర్చోబెట్టారు. రాజు పక్కన ఎక్కడో ఉన్నాడు. ఎక్కడుంటేనేం? ఆయన ఆ దేవుడి తరఫున రాజ్యం చూసుకునేవాడు. మనం ఏమో కోటలోకి పోయి రాజు కోసం వెతుకుతాం. కట్టినవాళ్ల లెక్క వేరు.

ఆ తోరణాల సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్ర చిహ్నం మీద ఉన్నది వాటి బొమ్మే. దాని మీద ఎన్ని చర్చలు నడిచాయో మీకు తెలియంది కాదు, నేను ఆ జోలికి పోను. దాదాపు 10 మీటర్ల ఎత్తు. రేపు వాటిని బాగా దగ్గరికి పోయి చూడండి. హంసలున్నాయి, మకరాలున్నాయి, వేలాడే పూమొగ్గలున్నాయి, రాతిలో చెక్కిన దండలున్నాయి. ఏది లేదు? దేవుడి బొమ్మ లేదు. ఒక్కటి కూడా లేదు. అంత పెద్ద శివాలయానికి గుమ్మాలు కదా, వాటి మీద శివుడు లేడు!

గుడి పోయి గుమ్మాలు ఎందుకు మిగిలాయి అంటే చాలామంది చెప్పే కారణం ఇదే. 1323లో కోటను పట్టుకున్నవాళ్లకు ఆ తోరణాల మీద విరగ్గొట్టాల్సినదేమీ కనబడలేదు. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగ్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. వాళ్ల వాదన ప్రకారం గుడి తీసేసిన ఆ స్థలంలోనే తుగ్లకులు పెద్ద మసీదు కట్టారు, దానికి చుట్టూ శోభగా ఉంటాయని ఈ తోరణాలను కావాలనే ఉంచారు. అంటే గెలిచినవాడు కూడా ఆ ఇరుసును వదలలేదన్నమాట. ఊరికి నడిబొడ్డు అదేనని వాడికీ అర్థమైంది. అక్కడ తన ప్రార్థనా స్థలం పెడితేనే రాజ్యం తనదైనట్టు. రాజు ఇంట్లో దూరి కూర్చుంటే సరిపోదు. ఆలోచించండి, ఆ పిల్లవాడి ప్రశ్నకు ఢిల్లీ నుంచి వచ్చినవాడే జవాబు చెప్పి పోయాడు.

ఆ పట్టుకోవడం కూడా ఒక్కసారిగా జరగలేదు. 1303లో ఢిల్లీ నుంచి వచ్చిన సైన్యం ఉప్పరపల్లి దగ్గర దెబ్బతిని పోయింది. 1309 చివర ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ బయలుదేరి వచ్చాడు. ఆ ముట్టడి గురించి ఢిల్లీ కొలువు కవి అమీర్ ఖుస్రో రాశాడు, మట్టికోట గురించి ఒక మాట అన్నాడు. యంత్రంతో గుండు విసిరితే పిల్లలు ఆడుకునే కాయ గోడకు తగిలి వెనక్కి ఎగిరినట్టు ఎగిరిపడుతుందట. శత్రువు పక్షం కవి మన మట్టి గోడను మెచ్చుకున్నాడు. ఇవాళ ఆ మట్టికోట మీద ఏమేం కడుతున్నారో, ఎక్కడెక్కడ తవ్వుతున్నారో నేను వేరే చెప్పక్కర్లేదు, పక్కనే ఉంటున్నారు మీరు. సరే. 1318లో మళ్లీ వచ్చారు. తర్వాత ఉలుగ్ ఖాన్ రెండుసార్లు వచ్చాడు, రెండోసారి 1323లో కోట పడిపోయింది. ఆయనే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ పేరు ఎవరికైనా గుర్తుందా? లేదు కదా.

ఇక్కడ ఒక మాట. మనం ఈ కథను ఇక్కడే ఆపేస్తే కోపం మాత్రమే మిగులుతుంది. కోపం రావడం సహజమే, నాకూ వచ్చేది. కానీ కాకతీయుల మతం అంటే ఆ ఒక్క గుడేనా? అది పోతే అంతా పోయినట్టేనా? నేను చదువుకున్న రోజుల్లో అలాగే అనుకున్నాను. తిరగడం మొదలుపెట్టాక అలా అనిపించలేదు.

మన పక్కనే ఉన్న పద్మాక్షి గుట్టతో మొదలుపెడదాం. ఇక్కడున్న ఆడవాళ్లలో ఎంతమంది పద్మాక్షి గుండంలో బతుకమ్మను వేశారు? చేతులెత్తండి. చూశారా, సగం మంది! ఆ గుట్ట మీద గుడి ముందు ఒక నాలుగు పలకల స్తంభం ఉంది, దాని మీద శాసనం ఉంది. 1117 నాటిది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన, ఆయన భార్య మైలమ. ఆమె ఆ గుట్ట మీద ఒక బసది కట్టించింది. బసది అంటే జైనుల గుడి. కడలాలయ బసది దాని పేరు. ఆ రాతి మీద తీర్థంకరుల, అంటే జైనులు కొలిచే గురువుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, పాము పడగ కింద నిలబడ్డ పార్శ్వనాథుడు ఉన్నాడు. మీరు బొట్టు పెట్టి, పసుపు రాసి మొక్కే పద్మాక్షమ్మ మొదట జైనుల అమ్మవారు.

మొదట్లో కాకతీయుల కొలువుకు జైనంతో దగ్గరి సంబంధం ఉండేది. తర్వాత శైవంవైపు మళ్లారు. రెండో బేతరాజు కాలానికే కాలాముఖమనే శైవ శాఖ గురువు రామేశ్వర పండితుడు రాజగురువు. మారడం అంటే సాఫీగా మారారా? లేదు. జైనులను వాదాల్లో ఓడించామని, బసదులు కూలగొట్టించామని గొప్పగా చెప్పుకున్న కథలు తర్వాతి శైవ గ్రంథాల్లో ఉన్నాయి. గణపతిదేవుడి కొలువులో తిక్కన జైనులతో వాదించి గెలిచాడనే కథ కూడా ఉంది. కథలో ఎంత నిజమో పక్కన పెట్టండి, చెప్పుకున్న తీరు చూడండి. కాబట్టి ఒక దేవుణ్ణి జరిపి ఇంకో దేవుణ్ణి కూర్చోబెట్టడం 1323లోనే మొదలైందని మాత్రం అనకండి. కొందరికి నచ్చదు ఈ మాట. నచ్చకపోతే తర్వాత టీ దగ్గర తిట్టండి, ఇప్పుడు మాత్రం వినండి.

ఆ గుట్ట మీద ఏం జరిగిందో చూడండి. బసది అన్న పేరు పోయింది, జైనులు పోయారు. అమ్మవారు ఉండిపోయింది. మైలమ పేరు మనలో ఒక్కరికీ తెలియదు. ఆమె ఏర్పాటు చేసిన చోటికే ఏటా తంగేడు పూలు పట్టుకుని పోతున్నాం.

ఇప్పుడు వేయిస్తంభాల గుడి. అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెబుతాను. 1163 జనవరిలో కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించిన శాసనం అక్కడ ఉంది. అచింతేంద్రుడనే కవి సంస్కృతంలో రాశాడు, లిపి మాత్రం మనది, ఆనాటి తెలుగు కన్నడ లిపి. అందులో ఏముంది? సగానికి పైగా యుద్ధాలే. ఎవరెవరిని కొట్టాడు, ఎవరెవరిని తరిమాడు. అప్పటిదాకా చాళుక్యులకు సామంతులు, ఇక మేము ఎవరికీ సామంతులం కాదు అని లోకానికి చెప్పిన రాత అది. ఇప్పుడైతే ప్రెస్‌మీట్ పెడతారు. ఆయన గుడి కట్టి, ఆ గుడి రాయి మీద చెప్పాడు. శివుడు, వాసుదేవుడు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుడులు. ముగ్గురు దేవుళ్లు సాక్షులు. ఆ గుడి కల్యాణమండపం 2006లో విప్పదీసి, మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. ఆ మధ్య కాలంలో పుట్టిన పిల్లలు డిగ్రీకి వచ్చారు, మండపం చూడకుండానే పెరిగారు. రామప్ప గురించి ఈరోజు మాట్లాడను. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఫోనులో రోజుకో వీడియో వస్తోంది, తేలే ఇటుకల మీద. ఒక్క మాట మాత్రం. అది రాజు కట్టిన గుడి కాదు. రేచర్ల రుద్రుడనే సేనాని 1213లో కట్టించాడు. కొలువులో వాళ్లందరూ కట్టారు. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, తోట వేయించడం, అగ్రహారం ఇవ్వడం అన్నీ కొడుకును కన్నంత పుణ్యమని లెక్క. సప్తసంతానాలు అంటారు. పాకాల చెరువు తవ్వించిందీ ఒక అధికారి కుటుంబమే. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. అది మతం కిందికి వస్తుందా, నీటిపారుదల కిందికి వస్తుందా? వాళ్లనడిగితే ఈ ప్రశ్నే అర్థం కాదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన రాయి మాత్రం ఇక్కడ లేదు. కృష్ణ ఒడ్డున ఉంది.

మందడం పేరు విన్నారా? వెలగపూడి పేరు? వెలగపూడి అందరికీ తెలుసు, రోజూ టీవీలో వస్తుంది. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న ఊరు. ఆ పక్కనే మల్కాపురం శాసనం ఉంది. 1261 నాటిది. గణపతిదేవుడికి ఒక గురువు ఉండేవాడు, విశ్వేశ్వర శివాచార్యుడు. బెంగాల్ వైపు గౌడదేశం నుంచి వచ్చాడు. గోళకీ మఠం అనే పెద్ద శైవ సంప్రదాయానికి చెందినవాడు. దీక్ష తీసుకున్నాక గణపతిదేవుడు తనను ఆయన కొడుకునని చెప్పుకునేవాడు. ఆ గురువుకు మందడం ఇస్తానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. మాట నోటితోనే ఉండిపోయింది. కూతురు రుద్రమదేవి దాన్ని నెరవేర్చింది. నెరవేర్చి ఊరుకోలేదు, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది.

సరే, రాణి రెండు ఊళ్లు గురువుకిచ్చింది, ఇందులో వింతేముంది? గురువు ఏం చేశాడో వినండి. వచ్చే ఆదాయాన్ని మూడు భాగాలు చేశాడు. ఒక భాగం గుడికి. ఒక భాగం మఠానికి, అక్కడ చదువుకునే పిల్లలకు. మూడో భాగం దేనికి? ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. ప్రసూతిశాల అంటే తెలుసు కదా, కాన్పుల ఆసుపత్రి. 1261లో!

అమ్మా, మీరు నవ్వుతున్నారు, నిజమే చెబుతున్నాను. రాతి మీద ఉంది.

ఎవరెవరిని నియమించాలో కూడా రాశారు. వేదాలు చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు. ఒక లెక్కలు రాసేవాడు. నాట్యం చేసేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు, పాడేవాళ్లు. వాళ్లలో ఒక కాశ్మీరు మనిషి కూడా ఉన్నాడు. కృష్ణ ఒడ్డున మందడంలో కాశ్మీరు మనిషి! ఎలా వచ్చాడో, మన పచ్చళ్లు ఎలా తిన్నాడో. అప్పటికి మిరపకాయ రాలేదు లెండి, బతికిపోయాడు. అన్నసత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని రాశారు. ఎక్కడ, ఏ వరుసలో కూర్చోబెట్టి పెట్టారో నేను చెప్పలేను, అంత అమాయకుణ్ణి కాను. కానీ ఆ మాట రాతి మీద చెక్కించాలని ఒకరికి తోచింది.

నాకు కాకతీయుల మతం గురించి ఎవరైనా అడిగితే తోరణం కంటే ముందు ఈ రాయి గుర్తుకొస్తుంది. తోరణం అందంగా ఉంటుంది, ఎవరూ కాదనరు. ఈ రాయిలో దీపానికి నూనె ఖర్చు ఎవరు పెట్టాలో కూడా ఆలోచించిన మనుషులు కనిపిస్తారు.

రుద్రమదేవి మాట వచ్చింది కాబట్టి ఆమె గురించి. స్వయంభూదేవుడి గుడికి ఆమె రంగమండపం కట్టించింది. కోటలో దొరికిన రాళ్లలో సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉంది. అది ఆమెదేనని చెబుతారు. రాయగజకేసరి ఆమె బిరుదు. రాజులనే ఏనుగుల పాలిట సింహం అని అర్థం. ఎంత గొప్ప రాణి! మరి ఆమె ఎప్పుడు చనిపోయింది? చాలాకాలం చరిత్రకారులు 1295 దాకా బతికి ఉందనుకున్నారు. రాజధానిలో ఎక్కడా ఆ సంగతి లేదు. నల్లగొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే పల్లె ఉంది. అక్కడ ఒక రాయి దొరికింది. పువ్వుల ముమ్మడి అనే మనిషి 1289 నవంబరులో అక్కడి సోమనాథుడికి కొంత భూమి ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడు? రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారు, వాళ్లకు పుణ్యం కలగాలని.

అంతే. అంత పెద్ద రాణి చావు సంగతి మనకు తెలిసింది ఒక చిన్న ఉద్యోగి ఇచ్చిన మడిచెక్క వల్ల. ఏలినవారి కోసం ఆయన తన శక్తి కొద్దీ కొంచెం పొలం ఇచ్చాడు, ఊరి గుడికి. ఆ రాయి ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు. మా వెంట వచ్చిన పిల్లలు "సార్ ఏడుస్తున్నాడురా" అని గుసగుసలాడుకున్నారు. ఎండకు కళ్లు మండాయని చెప్పాను.

ఇంకో సంగతి. రాజు గుడి రాజు ఒక్కడిదే అనుకోకండి. తర్వాతి కాలపు శైవ కవి పిడుపర్తి సోమనాథుడు చెప్పిన కథ ఒకటుంది. స్వయంభూదేవుడి గుడి మండపంలో జనం గుంపుగా కూర్చుని పాల్కురికి సోమనాథుడి బసవపురాణం చదువుకుంటున్నారట. ప్రతాపరుద్రుడు గుడికి వచ్చి ఆ సందడి చూసి ఏమిటది అని అడిగాడు. పక్కనున్న ఒక పండితుడు, అది ఈమధ్య ఎవడో భ్రష్టుడు యతిప్రాసలు ఇష్టమొచ్చినట్టు పెట్టి ద్విపదలో అల్లాడు, ప్రమాణం కాదు అన్నాడట. కథే కావచ్చు. కానీ ఆ మండపంలో ఎవరెవరు కూర్చున్నారో చూడండి. తెలుగులో, జానపదులు పాడుకునే ద్విపదలో కథ వింటూ కూర్చున్న మామూలు జనం. గుడి వాళ్లదీ. ఆ పండితుడికి నచ్చలేదు, అది వేరే విషయం. పండితులకు నచ్చనివే ఎక్కువకాలం బతుకుతాయని నా అనుమానం, ఇక్కడ పండితులుంటే క్షమించండి.

క్రీడాభిరామం అనే పాత తెలుగు నాటకం చదివినవాళ్లకు ఆ జనం ఇంకా బాగా తెలుసు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇద్దరూ ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వాళ్ల కళ్లకు పెద్ద గుళ్ల కంటే ఏమేం కనబడ్డాయి? ఏకవీరమ్మ, మైలారుదేవుడి వీరుల ఆటలు, పల్నాటి వీరుల కథ పాడుతున్న ఆడమనిషి, పూటకూళ్ల ఇల్లు. అది కోటలోపలి ఊరు. శాసనాలు చెప్పని ఊరు.

ఇప్పుడు మీకు కొంచెం ఇబ్బంది కలిగించే మాట చెబుతాను. కాకతీయుల కాలం నాటి కథల్లో ఇప్పటికీ లక్షల మందిని కదిలించేది ఏది? వేయిస్తంభాల గుడి శివరాత్రి కాదు. రామప్ప కాదు. మేడారం.

సమ్మక్క, సారలమ్మ కథ మీకు నేను చెప్పాలా? కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు కోయదొరలు. ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు పోయాడు, సారలమ్మ పోయింది, నాగులమ్మ పోయింది, గోవిందరాజు పోయాడు. జంపన్న సంపెంగవాగులో దూకాడు, ఆ వాగు జంపన్నవాగైంది. సమ్మక్క చిలకలగుట్టవైపు పోయి కనబడకుండా పోయింది, కుంకుమభరిణె దొరికింది. ఈ కథకు శాసనం లేదు. శాసనం లేదు కాబట్టి చరిత్ర కాదని కొట్టిపారేసేవాళ్లున్నారు. శాసనం ఎవరు వేయిస్తారు? గెలిచినవాడు, భూమి ఉన్నవాడు, రాయి చెక్కేవాడికి కూలి ఇవ్వగలిగినవాడు. కోయవాళ్లు వేయించలేదు. వాళ్లు రెండేళ్లకోసారి మాఘమాసంలో గద్దె మీదికి అమ్మను తీసుకొచ్చారు. గుడి లేదు, విగ్రహం లేదు. వెదురు కర్ర, కుంకుమ, బెల్లం. బెల్లాన్ని బంగారం అంటారు.

నేను ఈ కథను శాసనంలా చదవమనడం లేదు. తేదీలు, పేర్లు నిలబడవు. కానీ కాకతీయుల కొలువు మతం గురించి మాట్లాడుతూ ఆ కొలువు చేతిలో దెబ్బతిన్నవాళ్ల దేవతను వదిలేస్తే ఎలా? స్వయంభూదేవుడి గుడి నేలమట్టమైంది, నాలుగు గుమ్మాలు మిగిలాయి. అటు అడవిలో మొదట గోడే లేదు, గుమ్మమే లేదు. అయినా ఊళ్లకు ఊళ్లు తాళాలేసి పోతున్నాయి. మీరూ పోతారు. నేనూ పోయాను, నా ఎత్తు బంగారం తూచి ఇచ్చాను. ఇప్పటికంటే సన్నగా ఉన్నప్పుడు లెండి.

చివరగా ఆ స్వయంభూదేవుడు ఏమయ్యాడో చెప్పి ఆపేస్తాను. టైం అయిపోయిందని అటువైపు నుంచి సైగ చేస్తున్నారు, చూశాను.

1504లో ఓరుగల్లును పట్టుకున్న షితాబ్ ఖాన్ ఒక శాసనం వేయించాడు. అసలు పేరు సీతాపతి. పేరు చూస్తే తురక పేరు, వేయించిన శాసనం చూస్తే తురుష్కులు తొలగించిన కాకతిరాజ్యపు దేవతను మళ్లీ నిలబెట్టానని చెప్పుకున్నాడు. కోట పడిపోయి 180 ఏళ్లయింది. అప్పటికీ ఓరుగల్లును గెలిచినవాడు మొట్టమొదట చేయాల్సింది దేవతను తిరిగి పెట్టడమే అనుకున్నాడు. రాజుగారి ఇల్లు మళ్లీ కడతానని అనలేదు, చూశారా?

తోరణాలకు దగ్గరలోనే శంభునిగుడి ఉంది. చిన్న గుడి. టూరిస్టు బస్సులో వచ్చేవాళ్లు చాలామంది అటు చూడరు. అందులో నాలుగు ముఖాల లింగం ఉంది. స్వయంభూదేవుడి లింగం అదేనని స్థానికులు చెప్పుకుంటారు. ఇప్పటికీ దీపం పెడతారు. కోటలోపల ఊరుంది, మీకు తెలుసు, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. పొద్దున్నే కాస్త పెద్దవయసు ఆడవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చి ఆ లింగం మీద పోసి పోతుంటారు. వాళ్లనడిగితే గణపతిదేవుడు ఎవరో చెప్పలేకపోవచ్చు. దేవుడు ఎక్కడ అంటే మాత్రం చూపిస్తారు.

రేపు ఉదయం ఆరున్నరకు కలుద్దాం. ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చేయాలి, నీళ్ల సీసాలు తెచ్చుకోండి. బురుజుల మీదికి ఎక్కేటప్పుడు సెల్ఫీలు వద్దు. ఎక్కడ కలవాలి అంటే, తోరణం దగ్గర అని చెప్పానని పోయినసారి సగం మంది ఒక దాని దగ్గర, సగం మంది ఇంకో దాని దగ్గర గంటసేపు నిలబడ్డారు. నాలుగున్నాయి కదా. తూర్పు తోరణం. తూర్పు. గుర్తుంచుకోండి. ముందు శంభునిగుడికి పోదాం, తర్వాత మిగతావి.